మొనదేలిన ఆరు

జనవరి 12, ఆదివారం

విశ్వనాథం గారి 1806 హాఫ్ డాలర్ మారిపోయింది.

ఈ మాట ఇంకా మా ఆయన ఫణికి కూడా చెప్పలేదు. మా చిప్‌ల ఫ్యాక్టరీలో సిలికాన్ వేఫర్ మీద మచ్చ కనబడితే ముందు ఫొటో తీస్తాం, తేదీ వేస్తాం, చూసింది చూసినట్టు రాస్తాం. కారణం తర్వాత వెతుకుతాం. అలాగే రాస్తున్నాను.

మధ్యాహ్నం, ప్రతి ఆదివారం లాగే ఆయన పాత నాణేలు చూడటానికి వాళ్లింటికి వెళ్లాను. ఆయన చెక్క సొరుగు లాగి, "ఇవాళ నువ్వే తియ్యమ్మా" అన్నారు. 1806 తీశాను. ఏడేళ్లుగా చూస్తున్న నాణెం అది. దీపం కింద అటూ ఇటూ వంచితే దాని మీద వెలుగు బండిచక్రం ఆకుల్లా గుండ్రంగా తిరిగేది. అచ్చు నుంచి ఊడిపడ్డనాటి మెరుపు, రెండు వందల ఏళ్లలో ఎవరి జేబులోనూ అరగనిది. ఇవాళ ఆ చక్రం నాణెం మీది లిబర్టీ దేవత బుగ్గ దాకా వచ్చి ఆగిపోయింది. బుగ్గ మీద మసక.

భూతద్దం పెట్టాను. 1806లో రెండు రకాల అచ్చులు వాడారు. ఒకదాంట్లో ఆరు అంకె పైకొన చిన్న పూసలా గుండ్రంగా ఉంటుంది, ఇంకోదాంట్లో మొనదేలి ఉంటుంది. విశ్వనాథం గారిది పూస ఆరు. నాకు నాణేన్ని చూడటం నేర్పింది ఆ ఆరుతోనే. ఇవాళ నేను చూసింది మొనదేలిన ఆరు.

వెనక్కి తిప్పాను. గద్ద రొమ్ము మీద డాలు ఉంటుంది. ఆ డాలు మీద మూడు సన్నటి గీతలుండాలి. బిళ్ల బరువెక్కువైతే అచ్చు వేయకముందే టంకశాలలో ఆకురాయితో రాసేవాళ్లు, ఆ గీతలు. ఏ రెండు నాణేలకీ ఒకలా ఉండవు. ఇవాళ లేనే లేవు.

"ఏం కనబడుతోంది, చెప్పు" అన్నారాయన. ఈ మధ్య ప్రతి నాణేనికీ అలాగే అడుగుతున్నారు, పరీక్ష పెట్టినట్టు. బాగుందన్నాను. ఆయన తల ఊపారు.

ఆయనకు తెలియదు. తెలిస్తే ఆ మొహం అంత ప్రశాంతంగా ఉండదు.

జనవరి 13

ఇది తెలిసినవాళ్లు చేసిన పని కాదు. తెలిసినవాళ్లు మార్చాలనుకుంటే ఇంకో పూస ఆరు వెతికి తెచ్చి పెడతారు. 1806 అంటే ఏ 1806 అయినా ఒకటే అనుకున్నవాళ్లెవరో చేశారు.

ఆ ఇంట్లో ఉండేది ఇద్దరే.

జనవరి 15

ప్రణీత వచ్చినప్పటి నుంచీ అంతా మారింది. ఆయనకు ఒక్కతే కూతురు. ఫీనిక్స్‌లోనే పుట్టి పెరిగింది, తర్వాత దేశానికి అవతలి కొసన హెర్న్‌డన్‌లో పెద్ద ఉద్యోగం. దీపావళికి ముందు సామాన్లన్నీ సర్దుకుని తండ్రి దగ్గరికి వచ్చేసింది. ఉద్యోగం గురించి అడిగితే "ఇప్పుడు లేదమ్మా" అన్నారాయన, అంతకంటే చెప్పలేదు. తీసేసి ఉంటారు. అక్కడ ఎంతమందిని తీసేస్తున్నారో రోజూ వింటూనే ఉన్నాం.

ఇప్పుడు కారు తాళాలు ఆమె దగ్గరే. ఆయన డ్రైవ్ చేయడం నేను చూసి చాలా కాలమైంది. ఫోన్ చేస్తే ఆమె ఎత్తుతుంది. "నాన్న రెస్ట్‌లో ఉన్నారు" అంటుంది. ఉత్తరాలు ఆమే తెరుస్తుంది. పోయిన వారం నా కళ్లముందే ఆయనకు వచ్చిన కవరు చింపి, చదివి, లోపలికి తీసుకుపోయింది. ఆయన ఒక్క మాట అనలేదు.

విమానాల ఇంజన్లు డిజైన్ చేసిన మనిషి. ఎవరి మాటా పడనివాడు.

జనవరి 19, ఆదివారం

1834 హాఫ్ డాలర్ కూడా.

దాని అంచు చుట్టూ నీలం, దాని లోపల బంగారు రంగు ఉండేవి, పాత కాగితం పొట్లంలో దశాబ్దాలు ఉండి పట్టిన రంగు. ఇవాళ సొరుగులో ఉన్న 1834 బూడిద రంగులో ఉంది. మంచిదే, ఇంకొకరి దగ్గర చూస్తే మెచ్చుకునేదాన్నే. కానీ ఇది అది కాదు.

1796 క్వార్టర్ మాత్రం ఉంది. ఈ దేశం వేసిన మొట్టమొదటి పావు డాలర్ నాణెం. అద్దంలా ఉండే దాని ఉపరితలం మీద లిబర్టీ జుట్టు ఒక్కో పాయా విడిగా కనబడుతుంది. అది చేతిలో పెట్టుకుని ఎంతసేపు కూర్చున్నానో. ఆయన ఒకసారి, ఇది ఎప్పటికైనా నీలాంటి దాని దగ్గర ఉండాలమ్మా అన్నారు. మాటవరసకు అని ఉంటారు. నాకు దాని మీద ఆశ లేదు.

ఇంకో సంగతి. మాట్లాడేటప్పుడు ఆయన నా మొహంలోకి చూడటం లేదు. నా భుజం పక్కగా, వంటింటి గుమ్మం వైపు చూస్తున్నారు. ప్రణీత అక్కడే ఉంటుంది. భయపడుతున్నారు.

జనవరి 26, ఆదివారం

ఈ వారం రావద్దని ప్రణీత పొద్దున్నే మెసేజ్ పెట్టింది. ఇంటికి ఎవరో వస్తున్నారట.

పెరుగు అయిపోయిందని బయల్దేరాను. కొట్టు అటు కాదు గానీ ఎలాగూ కారు తీశాను కదా అని వాళ్ల వీధి మీదుగా వెళ్లాను. వాకిట్లో తెల్లటి పికప్ ట్రక్కు. తెల్లగడ్డం పెద్దమనిషి ఒకడు పలుచటి పెట్టె పట్టుకుని బయటికి వచ్చాడు. ప్రణీత గుమ్మం దాకా వచ్చి చెయ్యి కలిపింది. విశ్వనాథం గారు కనబడలేదు.

పెరుగు తేవడం మర్చిపోయాను.

జనవరి 28

ఫణికి చెప్పాను. అంతా విన్నాడు. "ఆవిడ్ని అడగొచ్చు కదా, నాణేలు ఏమయ్యాయని?" అన్నాడు.

అడిగితే మిగతావి కూడా మాయం చేస్తుందన్నాను. తండ్రిని కలవనివ్వదన్నాను. సొంత కూతురి మీద తండ్రి నోరు తెరుస్తాడా అన్నాను.

"నీ భయం ఆయన గురించా, ఆ క్వార్టర్ గురించా?"

ఇలాంటి మాట ఫణి అంటాడనుకోలేదు. ఆయన గురించే. రాసి పెడుతున్నాను, ఆయన గురించే.

ఫిబ్రవరి 1, శనివారం

దొరికింది.

స్కాట్స్‌డేల్ వైపు పాత నాణేలు అమ్మే కొట్లన్నీ వరసగా తిరిగాను. మూడో కొట్టు ముందు ఆ తెల్ల పికప్పే ఉంది. కౌంటర్ వెనక ఆ గడ్డమాయనే. అద్దాల బల్లలో, మధ్యలో, పూస ఆరుతో 1806. చూపించమని అడిగాను. ఎవరో పరీక్షించి, గ్రేడు ఇచ్చి, ప్లాస్టిక్ పలకలో బిగించారు. విశ్వనాథం గారు ఎప్పుడూ ఆ పలకలను ఒప్పుకోలేదు, నాణెం గాలి పీల్చాలనేవారు. వెనక్కి తిప్పాను. డాలు మీద మూడు గీతలు.

బల్లమీద పెట్టేసి, ఇది ఎక్కడిదని అడిగాను. అమ్మినవాళ్ల పేరు చెప్పడం తమ పద్ధతి కాదన్నాడు మర్యాదగానే. మా ఊరు చాండ్లర్‌లో ఒక పెద్దాయనది కదా అన్నాను. ఆయన నన్ను కాసేపు చూశాడు. అన్ని కాగితాలూ సక్రమంగా ఉన్నాయనీ, వాటి మీద సంతకాలు చేయించి తెచ్చిన లేడీ చాలా మంచి మనిషనీ అన్నాడు.

లేడీ.

సంతకాలు చేయించి.

ఫిబ్రవరి 2, ఆదివారం

ఆయనకే అవకాశం ఇద్దామనుకున్నాను. ప్రణీత లాండ్రీ గదిలో ఉన్నప్పుడు మెల్లగా అడిగాను, నాణేలేమైనా అమ్ముతున్నారా బాబాయి గారూ అని.

సొరుగు పిడిని పట్టుకుని వదిలారు. తర్వాత "నేనెందుకు అమ్ముతానమ్మా" అన్నారు, గుమ్మం వైపు చూస్తూ.

క్వార్టర్ ఉన్న సొరుగు ఇవాళ తెరవలేదు. తెరుద్దామా అంటే, వచ్చే వారం చూద్దాం, ఇవాళ అలసిపోయాను అన్నారు. ఆయన ఎప్పుడూ అలసిపోయానని అనరు, నాణేల దగ్గరైతే అసలే అనరు. ఎవరో చెప్పి అనిపించిన మాట.

ఫిబ్రవరి 5

వృద్ధులను ఇంట్లోవాళ్లే మోసం చేస్తుంటే ఫిర్యాదు చేయడానికి రాష్ట్ర ప్రభుత్వానికి ఒక నంబరు ఉంది. లంచ్‌లో కారులో కూర్చుని చేశాను. అవతలి అమ్మాయి ఓపిగ్గా అన్నీ రాసుకుంది. కారు తాళాలు, ఉత్తరాలు, సంతకాలు, 1806. నా పేరు బయటికి రాదంది.

ఆయన కోసమే చేశాను.

ఫిబ్రవరి 6

ఆయన కోసమే చేశాను.

ఫిబ్రవరి 9, ఆదివారం

జలుబు చేసింది, ఈ వారం రాలేనని మెసేజ్ పెట్టాను. జలుబు లేదు. ప్రణీత "గెట్ వెల్ సూన్" అని పూలగుత్తి బొమ్మ పంపింది. ఎంత మామూలుగా ఉందో.

ఫిబ్రవరి 16, ఆదివారం

ఈ వారం ఎవరూ మెసేజ్ పెట్టలేదు. నేనూ పెట్టలేదు. ఫణి సినిమాకి వెళ్దామన్నాడు. వెళ్లాం. ఏం చూశానో గుర్తు లేదు.

ఫిబ్రవరి 20

ప్రణీత వచ్చింది.

ఆఫీసు నుంచి వచ్చి చెప్పులు విప్పుతుంటే బెల్ మోగింది. లోపలికి రమ్మన్నాను. రాలేదు. వాకిట్లోనే నిలబడి మాట్లాడింది. గట్టిగా కూడా మాట్లాడలేదు. వినబడ్డంత వరకూ, ఆమె అన్నట్టే రాస్తాను.

"మా ఇంటికి గవర్నమెంట్ వాళ్లు వచ్చారు రాగిణి గారూ. ఒక లేడీ ఆఫీసర్. నాన్నను రూమ్‌లో కూర్చోబెట్టి డోర్ క్లోజ్ చేసింది. మీ డాటర్ మీకు ఫుడ్ పెడుతుందా, కొడుతుందా, సైన్ చేయమని ఫోర్స్ చేస్తుందా అని అడిగింది. నేను బయట విన్నాను. మా నాన్న ఏడవడం నేను అమ్మ పోయినప్పుడు చూశాను, మళ్లీ ఇప్పుడే."

నేను ఏదో అనబోయాను. ఆమె ఆపలేదు.

"లాస్ట్‌లో ఒక పేపర్ ఇచ్చి చదవమంది. నాన్న చదవలేదు. కాదు, చదవలేకపోయారు. దెన్ షి అండర్‌స్టుడ్."

నాకు అర్థం కాలేదు. అర్థం కాలేదని మొహం చూస్తే తెలిసిందనుకుంటాను. చెప్పింది. రెండు కళ్లలోనూ రెటీనా మధ్యభాగం పోయింది. ఏడాదిన్నరగా పోతూ వచ్చింది. ఇంజెక్షన్లు ఇప్పించారు, నిలబడలేదు.

"సైడ్స్ కనిపిస్తాయి. అందుకే నడుస్తారు, కాఫీ కప్పు తీసుకుంటారు, ఎవరికీ తెలీదు. మిడిల్ మాత్రం లేదు. ఏది చూస్తే అది ఉండదు. మీ ఫేస్ కూడా లేదు ఆయనకి. పక్కకి చూస్తే కొంచెం దొరుకుతుంది." కారు తాళాలు ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంది. "నేను అందుకే జాబ్ వదిలేసి వచ్చాను. తీసెయ్యలేదు నన్ను."

నాణేలు అమ్మమన్నది ఆయనే. తనకు కనబడని మెరుపును చీకట్లో పెట్టి ఏం చేసుకోను, చూడగలిగినవాళ్ల దగ్గరికి పంపు అన్నారట. ఒక్కొక్కటే పంపారు. ప్రతిదాని చోట్లోనూ అదే సంవత్సరంది, అరిగింది, తక్కువలో దొరికేది తెప్పించి పెట్టించారు. నాకు చెప్పొద్దని కూతురి చేత మాట తీసుకున్నారు.

నేను అప్పుడు అడగాల్సినవి చాలా ఉన్నాయి. ఆయన ఎలా ఉన్నారని అడగాల్సింది. క్షమించమని అడగాల్సింది. నా నోట్లోంచి వచ్చింది ఇది.

"క్వార్టర్ కూడా అమ్మేశారా?"

ప్రణీత నన్ను చూసింది.

"అవును" అంది. "కంప్లైంట్ చేసింది మీరేనని నాకెలా తెలుసో మీరు అడగలేదు. ఆఫీసర్ 1806 అంది. మీరు కాకుండా ఆ నంబర్ ఇంకెవరికి తెలుసు? మీరు నన్ను అడగొచ్చు కదా. ప్రామిస్ బ్రేక్ చేసి చెప్పేదాన్నేమో. మీరు వన్ టైమ్ కూడా అడగలేదు."

వెళ్లిపోయింది. ఫణి మెట్ల మీద నిలబడి ఉన్నాడు. అంతా విన్నాడు. నా చేతిలో ఉన్న చెప్పు తీసుకుని కింద పెట్టాడు.

ఫిబ్రవరి 21

తెలియనివాళ్లు చేసిన పని అని రాశాను పైన. తెలిసినవాళ్లే చేశారు. కనబడక.

ఫిబ్రవరి 23, ఆదివారం

వెళ్లలేదు. కారులో కూర్చుని, దిగి వచ్చేశాను.

ఫిబ్రవరి 26

రోజంతా స్క్రీన్ మీద మచ్చలు వెతికాను. వెంట్రుకలో వెయ్యోవంతు మచ్చ నాకు కనబడుతుందని ఆఫీసులో పేరు. ఏడాదిన్నర పాటు ప్రతి ఆదివారం ఒక మనిషి ఎదురుగా కూర్చున్నాను.

మార్చి 2, ఆదివారం

వెళ్లాను.

ప్రణీత తలుపు తీసింది. రమ్మనలేదు, తలుపు వేయనూ లేదు. తెరిచి వదిలేసి లోపలికి వెళ్లింది. నేను ఆమె వెనకే వంటింట్లోకి వెళ్లి, తప్పు నాది, క్షమించమన్నాను. ఆమె గిన్నెలు తుడుస్తూ "ఓకే" అంది. ఆ ఓకేలో క్షమించడం లేదు. విన్నానని మాత్రమే. అంతకంటే అడిగే మొహం నాకు లేదు.

ఆయన తన కుర్చీలోనే ఉన్నారు. పాదాల దగ్గర కూర్చోబోతే, కుర్చీలో కూర్చోమన్నారు. చెప్పడం మొదలుపెట్టాను, ఎక్కడ మొదలుపెట్టానో ఎక్కడ ఆపానో తెలియదు. మధ్యలో చెయ్యెత్తి ఆపారు.

"ఫోన్ చేశావు, సరే. నాకేదో అవుతోందనుకున్నావు, సరే. కానీ మా అమ్మాయిని దొంగ అన్నావమ్మా. నా కోసం అన్నీ వదులుకుని వచ్చిన పిల్లని."

అన్నానని ఒప్పుకున్నాను.

తర్వాత నేనే అడిగాను, నాకు ఎందుకు చెప్పలేదని. ఆయన కుర్చీ చేతిని తడుముతూ కూర్చున్నారు. "సొరుగు ఖాళీ అయితే నువ్వు వస్తావా?" అన్నారు.

వస్తానని వెంటనే అనాల్సింది. అనలేకపోయాను. ఆలోచించాను. నేను ఆలోచిస్తున్నట్టు ఆయనకు వినబడింది.

"అదేనమ్మా" అన్నారు మెల్లగా. కోపంగా కాదు. "నీ తప్పని కాదు. నువ్వు భూతద్దం పెట్టుకుని, అదిగో ఇక్కడ, ఇదిగో ఇక్కడ అని చెబుతుంటే నాకు మళ్లీ కనబడినట్టుండేది. అది చాలనుకున్నాను. నాణెం ఏదైతేనేం అనుకున్నాను."

నిజం చెప్పకుండా ఉండలేకపోయాను. కొత్త 1806లో ఉన్నది మొనదేలిన ఆరు బాబాయి గారూ అన్నాను.

ఆయన మొహం పాలిపోయింది. "అవునా" అన్నారు. "పూస ఆరే కావాలని చెప్పాను. వచ్చాక గోటితో తడిమి కూడా చూశాను. గుండ్రంగానే తగిలినట్టుంది." అంత బాధ కూతుర్ని దొంగ అన్నావని అన్నప్పుడు కూడా ఆయన మొహంలో చూడలేదు. ఆ మాట అనకుండా ఉండాల్సిందేమో. నాకు ఇప్పటికీ తెలియడం లేదు.

లేచి వస్తుంటే, వచ్చే వారం రమ్మని ఆయన అనలేదు. వస్తానని నేనూ అనలేదు.

మార్చి 6

ప్రణీత మెసేజ్. ఆధారాల్లేవని కేసు మూసేశారట. "జస్ట్ ఎఫ్‌వైఐ" అని రాసింది. థాంక్యూ అని టైప్ చేసి, చెరిపేసి, సారీ అని పెట్టాను. చదివినట్టు గుర్తు వచ్చింది. జవాబు రాలేదు.

క్వార్టర్ ఎవరు కొన్నారో అడగాలని మనసు పీకుతోంది. అడగలేదు. దాని మీద నాకు ఆశ ఉండేది. చాలా ఉండేది. రాస్తే ఏమీ కాలేదు.

మార్చి 9, ఆదివారం

ఫణి, నేనూ రానా అన్నాడు. వద్దన్నాను, ఒక్కదాన్నే వెళ్లాను. భూతద్దం ఇంట్లో వదిలేసి వెళ్లాను.

ప్రణీత తలుపు తీసి, "నాన్న ప్యాటియోలో ఉన్నారు" అంది. వాళ్ల ఇంటి వెనక ఆ ఆరుబయలు వసారా ఉందని తెలుసు గానీ నేను ఎప్పుడూ అటు వెళ్లలేదు. పక్కింటి నారింజ చెట్టు పూసినట్టుంది, గోడ మీదుగా వాసన. ఆయన టోపీ పెట్టుకుని కూర్చున్నారు. ఎవరని అడగలేదు. అడుగుల చప్పుడుకే "రా రాగిణీ" అన్నారు.

ఏం మాట్లాడాలో తెలియలేదు. ఎండ గురించి మాట్లాడాం. ఈ ఏడు అప్పుడే మొదలైందన్నాను. ఏప్రిల్ దాకా ఫరవాలేదన్నారు. మళ్లీ ఎండ గురించే మాట్లాడాం. నా చేతులకు పని లేక ఒళ్లో ఎలా పెట్టుకోవాలో తెలియలేదు. లేచి వెళ్లిపోతే బాగుండుననిపించింది, ఆయనకూ అలాగే అనిపిస్తోందేమో అనుకున్నాను.

అప్పుడు ఆయన, మొదట్లో మా కారులో ఏసీ పనిచేసేది కాదు, అయినా కృష్ణకుమారి ఈ ఎండని లెక్కచేసేది కాదు అన్నారు.

"కృష్ణకుమారి ఎవరు బాబాయి గారూ?" అన్నాను.

తెరిచి ఉన్న కిటికీలోంచి వంటింట్లో నీళ్ల చప్పుడు వినబడుతోంది. అది ఆగిపోయింది.

"మా ఆవిడమ్మా" అన్నారు.

హాల్లో ఆవిడ ఫొటో ఉంది. పెద్దది. ప్రతి ఆదివారం దాని పక్క నుంచే సొరుగుల గదిలోకి వెళ్లేదాన్ని. ఆవిడ పేరు ఒక్కసారి అడగలేదు. ఎలా పోయారో అడగలేదు. ఆయన చెప్పలేదనుకోవడానికి లేదు, చెప్పే ఉంటారు, నేను ఏ నాణెం అంచు చూస్తున్నప్పుడో.

మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆయనకు నా మొహం కనబడదని గుర్తొచ్చింది. దాంతో ఇంకా సిగ్గేసింది.

"ఎలా ఉండేవారు?" అన్నాను.

ఆయన కొంచెం పక్కకు తిరిగి, నన్ను ఎంత దొరికితే అంత చూస్తూ మొదలుపెట్టారు. ఆవిడ ఒక చర్చి పార్కింగ్ లాట్‌లో డ్రైవింగ్ నేర్చుకున్నారట. లైసెన్స్ వచ్చింది గానీ ఫ్రీవే అంటే ప్రాణభయం. ఒకసారి ఈయన ఊళ్లో లేనప్పుడు, ఎవరో స్నేహితురాలికి పురుడొస్తే, ఫ్రీవే ఎక్కకుండా చిన్న రోడ్ల మీదుగానే టూసాన్ దాకా వెళ్లారట. పొద్దున్న బయల్దేరితే సాయంత్రమైందట. దారిలో ఆగి మామిడికాయ పప్పు...

వెనక తలుపు జరిగింది. ప్రణీత తడిచేతులతో నిలబడి ఉంది.

"నాన్నా, అది టూసాన్ కాదు. ఫ్లాగ్‌స్టాఫ్. మీరు లేరు అప్పుడు. నేను బ్యాక్ సీట్‌లో ఉన్నాను."

"ఫ్లాగ్‌స్టాఫా?" అన్నారాయన.

"ఎవ్రీ టైమ్ రాంగ్ చెప్తారు" అంది. చేతులు జీన్స్‌కి తుడుచుకుని, గోడ పక్కన మడిచి పెట్టి ఉన్న కుర్చీ తెచ్చి మా ఇద్దరి మధ్యా వేసుకుని కూర్చుంది. నా వైపు చూడకుండానే, మొదటి నుంచీ చెప్పడం మొదలుపెట్టింది.